విదేశీ యూనివర్సిటీలో అడ్మిషన్: అడిగేది ఎవరు, అడిగేది ఏమిటి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నారు, వచ్చే ఏడాది కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్‌కి బయటి దేశం వెళ్లాలనుకుంటున్నారు. ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ ఒక్కటి రాస్తే చాలని ఒకరు, మాస్టర్స్ ప్రవేశానికి రాసే జీఆర్‌ఈ పరీక్ష లేకపోతే ఎవరూ మొహం చూడరని ఇంకొకరు, ముందు బ్యాంకులో డబ్బు చూపించాలని మరొకరు చెప్పారు. రెండు సబ్జెక్టులు తప్పి తర్వాత పాసయ్యారు. డిగ్రీలో చేరకముందు ఒక ఏడాది గ్యాప్ ఉంది. తమ్ముడు పన్నెండో తరగతి అవగానే తనూ బయటికే వెళ్తానంటున్నాడు. అసలు ఏమేం కావాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు.

మీకు చెప్పిన ముగ్గురిదీ తప్పు కాదు. కాకపోతే ముగ్గురూ మూడు వేర్వేరు ఆఫీసుల సంగతి చెప్తున్నారు. నేను చాలా ఏళ్లు ఒక యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల అప్లికేషన్లు పరిశీలించే విభాగంలో పనిచేశాను. ఫైలు మొదట మా దగ్గరికే వచ్చేది. చదివిన డిగ్రీ ఈ కోర్సుకి సరిపోతుందా, అడిగిన కాగితాలన్నీ ఉన్నాయా, ఇంతవరకే మా పని. విద్యార్థి ఎంత తెలివైనవాడన్నది మేం చూడం. అది ఆ తర్వాత డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసర్లు తేల్చుకుంటారు. వాళ్లు సీటు ఇచ్చాక ఆ దేశ ప్రభుత్వం రంగంలోకి వస్తుంది, వీసా దాని చేతిలో ఉంటుంది. ఒకరు అడిగింది ఇంకొకరు అడగకపోవచ్చు, ఒకరు సరేనన్నారని ఇంకొకరు సరే అనాలనీ లేదు. కాబట్టి ఎక్కడ ఏ షరతు కనిపించినా, ఇది ఈ మూడు ఆఫీసుల్లో ఎవరి షరతు అని ముందు చూసుకోండి. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

చూస్తే ప్రాణం ఉసూరుమనిపించే తిరస్కరణలు మొదటి దశలోనే ఉంటాయి. చక్కటి మార్కులున్న ఫైలు ప్రొఫెసర్ దాకా వెళ్లకుండానే ఆగిపోతుంది. డిగ్రీ కాలం ఒక కారణం. బ్రిటన్‌లో బ్యాచిలర్స్ డిగ్రీయే మామూలుగా మూడేళ్లు కాబట్టి అక్కడ మూడేళ్ల డిగ్రీతో పేచీ తక్కువ. అమెరికాలో కొన్ని డిపార్ట్‌మెంట్లు నాలుగేళ్ల డిగ్రీకి సమానమైనదే కావాలంటాయి, కొన్ని మూడేళ్లదీ తీసుకుంటాయి. ఒకే యూనివర్సిటీలో రెండు డిపార్ట్‌మెంట్ల పద్ధతి వేరుగా ఉండటం కూడా మామూలే. అందుకే యూనివర్సిటీ ముందు పేజీలో ఉన్న సాధారణ అర్హతలు చదివి ఆగిపోకండి. మీ కోర్సు సొంత పేజీకి వెళ్లండి, అక్కడ రాసిందే చెల్లుతుంది.

యూరప్‌లో ఇంకో మెలిక ఉంది, దీన్ని కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. అక్కడ చదువును ఈసీటీఎస్ క్రెడిట్లలో కొలుస్తారు. పూర్తి ఏడాది చదువు 60 క్రెడిట్లు, మూడేళ్ల బ్యాచిలర్స్ 180. జర్మనీలో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ పేజీ తెరిస్తే సంబంధిత డిగ్రీ ఉండాలన్న మాటతో పాటు గణితంలో ఇన్ని క్రెడిట్లు, థియరీలో ఇన్ని, ప్రోగ్రామింగ్‌లో ఇన్ని ఉండాలని విడివిడిగా రాసి ఉంటుంది. మీ డిగ్రీ నాలుగేళ్లది, మీ యూనివర్సిటీ లెక్కలో మొత్తం 160 క్రెడిట్లు అనుకుందాం. నాలుగేళ్లంటే 240 ఈసీటీఎస్. అంటే మీ ఒక క్రెడిట్ సుమారు ఒకటిన్నర ఈసీటీఎస్‌కి సమానం, నాలుగు క్రెడిట్ల సబ్జెక్టు ఆరు అవుతుంది. ఇప్పుడు మీ గణితం పేపర్లన్నీ కూడి చూడండి. అడిగింది 30 అయి, మీవి 24 దగ్గర ఆగితే, మీకు ఎంత మంచి గ్రేడ్ ఉన్నా ఆ కోర్సు మీది కాదు. తుది లెక్క యూనివర్సిటీయే వేసుకుంటుంది కానీ, ఈ కూడిక ముందే ఇంట్లో వేసుకుంటే వృథా అప్లికేషన్లు పెట్టరు. సిలబస్ పుస్తకం కూడా దగ్గర పెట్టుకోండి. 'డిస్క్రీట్ స్ట్రక్చర్స్' అన్న పేపర్ గణితం కిందికి వస్తుందని వాళ్లకి చూపించాల్సింది మీరే.

గ్రేడ్ల మార్పిడి గురించి కూడా చాలామందికి టెన్షన్. జర్మనీలో 1 అన్నిటికన్నా మంచి గ్రేడ్, 4 అంటే బొటాబొటీ పాస్. మన గ్రేడ్‌ని అక్కడి లెక్కలోకి మార్చడానికి చాలాచోట్ల ఒకే సూత్రం వాడతారు. గరిష్ఠ గ్రేడ్ నుంచి మీ గ్రేడ్ తీసేయాలి. వచ్చినదాన్ని గరిష్ఠానికీ పాస్ గ్రేడ్‌కీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. స్కేల్ 10, పాస్ గ్రేడ్ 4, మీది 7.6 అయితే 2.4ని 6తో భాగించి 3తో గుణిస్తే 1.2, ఒకటి కలిపితే 2.2. చాలా కోర్సులు 2.5 లేదా అంతకన్నా మెరుగ్గా ఉండాలంటాయి, అంటే ఈ స్కేల్‌లో 7.0 దగ్గర గీత పడుతుంది. అమెరికా సంగతి వేరు. నాలుగు పాయింట్ల స్కేల్‌కి మార్చి పంపమని వాళ్లు అడగకపోతే మీరు మార్చకండి. మీ స్కేల్‌లో ఉన్నది ఉన్నట్టు నింపండి, మిగతాది వాళ్లకి తెలిసిన పనే.

మీ రెండు బ్యాక్‌లాగ్‌ల సంగతి. రెండింటికి సీటు పోదు. కొన్ని యూనివర్సిటీలు ఇన్నికి మించి ఉండకూడదని పరిమితి పెడతాయి, ఆ పరిమితి సాధారణంగా రెండుకన్నా ఎక్కువే. అవి ఏ సబ్జెక్టులన్నదే అసలు విషయం. మెషీన్ లెర్నింగ్ కోర్సుకి అప్లై చేస్తూ ప్రాబబిలిటీలో తప్పి ఉంటే ప్రొఫెసర్ కన్ను నేరుగా అక్కడికే వెళ్తుంది. తర్వాత అదే దారిలో ఇంకో పేపర్లో మంచి గ్రేడ్ తెచ్చుకుని ఉంటే ఎస్‌ఓపీలో, అంటే ఈ కోర్సు ఎందుకో అప్లికేషన్‌తో రాసిచ్చే వ్యాసంలో, ఒక్క వాక్యంలో ఆ మాట చెప్పండి. ఏమీ చెప్పకుండా దాచిపెట్టి, మొదటిసారి మార్కుల జాబితా తీసేసి ఫైలు పంపేవాళ్లుంటారు. సెమిస్టర్ల లెక్క కలవక మాకు వెంటనే తెలిసిపోయేది. గ్యాప్‌కి ఇంతకంటే సులువైన జవాబు ఉంది: సీవీలో ఆ ఏడాది నెలలతో సహా ఏం చేశారో ఒక వరుసలో రాయండి. ప్రవేశ పరీక్షకి చదివారా, ఇంట్లో అనారోగ్యమా, ఏదైనా సరే. ఖాళీగా వదిలేస్తేనే అనుమానం.

ఇక ఇంగ్లీషు. ఇక్కడ జనం మోసపోయేది 'ఓవరాల్' స్కోరు దగ్గర. ఒక నిజమైన లెక్క చూపిస్తాను. లిజనింగ్ 7.5, రీడింగ్ 7, స్పీకింగ్ 6.5, రైటింగ్ 5.5 వచ్చాయనుకోండి. సగటు 6.625. ఐఈఎల్‌టీఎస్ దీన్ని దగ్గర్లో ఉన్న అర బ్యాండుకి సవరిస్తుంది, కాబట్టి ఓవరాల్ 6.5. కోర్సు పేజీలో 6.5 కావాలని ఉంది, హమ్మయ్య అనుకుంటారు. కానీ అదే వాక్యం చివర 'ఏ విభాగంలోనూ 6కి తగ్గకూడదు' అని ఉంటుంది. రైటింగ్ 5.5 కాబట్టి మీరు అర్హులు కారు. ఎక్కువమందికి తగ్గేది రైటింగే. ఒక్క విభాగమే మళ్లీ రాసే వెసులుబాటు కంప్యూటర్ మీద ఐఈఎల్‌టీఎస్ రాసినవాళ్లకి ఇప్పుడు చాలాచోట్ల ఉంది, కానీ అలా తెచ్చుకున్న స్కోరును అన్ని యూనివర్సిటీలూ తీసుకోవు. డబ్బు కట్టేముందే ఆ యూనివర్సిటీని మెయిల్‌లో అడిగేయండి.

అకడమిక్, జనరల్ ట్రైనింగ్ అని ఐఈఎల్‌టీఎస్‌లో రెండు రకాలుంటాయి, డిగ్రీ చదువుకి కావాల్సింది అకడమిక్. ఐఈఎల్‌టీఎస్ స్కోరైనా, అలాంటిదే అయిన టోఫెల్ స్కోరైనా రెండేళ్లే చెల్లుతుంది. అందుకని మరీ ముందుగా రాసి పెట్టుకోవడం వల్ల లాభం లేదు. ఇంట్లో కూర్చుని రాసే పరీక్షల మీద ఆశ పెట్టుకునేముందు కూడా చూసుకోండి. డ్యూలింగో స్కోరును అమెరికాలో చాలా యూనివర్సిటీలు తీసుకుంటాయి, జర్మనీలో తీసుకునేవి తక్కువ. బ్రిటన్ వీసా కోసం ప్రత్యేకంగా గుర్తింపు పొందిన పరీక్షే రాయాల్సిన పరిస్థితి వస్తే అది వాళ్లు ఒప్పుకున్న సెంటర్‌లోనే రాయాలి. ఇంగ్లీషు మీడియంలో చదివామని కాలేజీ ఇచ్చే లెటర్‌తో సరిపెట్టే యూనివర్సిటీలు నిజంగానే ఉన్నాయి. నన్నడిగితే దాని మీద ఆధారపడకుండా ఒక పరీక్ష రాసేయడమే మంచిది. ఆ లెటర్ ఒప్పుకునేది కొందరే కాబట్టి, మీ ఎంపికలన్నీ వాళ్ల చుట్టూనే తిరగడం మొదలవుతాయి.

జీఆర్‌ఈకి సూటిగా జవాబు: కోర్సు పేజీలో ఏ మాట వాడారో చూడండి. తప్పనిసరి అంటే రాయాల్సిందే. ఐచ్ఛికం అంటే మీ ఇష్టం, క్వాంట్‌లో, అంటే దాని గణితం విభాగంలో, బాగా వస్తే పంపండి, లేకపోతే ఊరుకోండి. మూడో మాట ఒకటుంది, 'పరిగణించం' అని. అక్కడికి 170కి 170 పంపినా ఎవరూ తెరిచి చూడరు. 2020 తర్వాత అమెరికాలో చాలా కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్లు జీఆర్‌ఈ తీసేశాయి, కొన్ని మళ్లీ వెనక్కి తెచ్చుకున్నాయి. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష కూడా రెండు గంటల లోపుకి కుదించారు, స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. మీ గ్రేడ్ ఒక మోస్తరుగా ఉండి, ఐచ్ఛికం అన్న చోట్లకి అప్లై చేస్తుంటే రాయడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే గ్రేడ్ ఇప్పుడు మార్చుకోలేరు, ఇదొక్కటి ఇంకా మీ చేతిలో ఉంది. పరీక్ష ఫీజులోనే నాలుగు యూనివర్సిటీలకి స్కోరు పంపించుకోవచ్చు. పరీక్షకి వెళ్లేనాటికే ఆ నాలుగు పేర్లు ఖాయం చేసుకుంటే, తర్వాత ఒక్కోదానికీ విడిగా కట్టే ఖర్చు తప్పుతుంది.

అర్హత దాటాక ఫైలు ప్రొఫెసర్ల కమిటీకి వెళ్తుంది. ఇక్కడ కనీస అర్హతకీ ఎంపికకీ తేడా గుర్తుపెట్టుకోండి. 'కనీసం 6.5' అంటే 6.5 వస్తే సీటు వస్తుందని కాదు, 6 అయితే ఫైలు చదవరని. ఇంగ్లీషు స్కోరు గీత దాటాక 7 వచ్చినా 8 వచ్చినా కమిటీకి పెద్ద తేడా ఉండదు. అక్కడి నుంచి మాట్లాడేది మీ సబ్జెక్టులు, ప్రాజెక్టులు, ఎస్‌ఓపీ, రికమండేషన్లు. చాలామంది 7ని 7.5 చేయడానికి రెండు నెలలు పెడతారు, ఎస్‌ఓపీకి రెండు రోజులు పెడతారు. ఆ రెండు నెలలు ఎస్‌ఓపీకి, ప్రాజెక్టుకి పెట్టాల్సింది.

ఎస్‌ఓపీల్లో 'చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే ప్రాణం' అని మొదలయ్యేవి ఎన్ని చదివామో లెక్కలేదు. ఆ వాక్యం ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది, ఇబ్బంది అదే. చదివేవాళ్లకి కావాల్సింది మీరు చేసిన పని. ఉదాహరణకి ఇలా: 'ఆఖరి ఏడాది ప్రాజెక్టులో చేతిరాత అక్షరాలు గుర్తించే ప్రోగ్రామ్ చేశాం. శిక్షణలో బాగా పనిచేసింది, కొత్త చేతిరాతలు ఇస్తే కుప్పకూలింది. మా దగ్గరున్న నమూనాలన్నీ ఒకే తరగతి పిల్లలవి కావడమే కారణమని తర్వాత అర్థమైంది.' మూడు వాక్యాలే. కానీ ఇది రాసినవాడికి డేటా అంటే ఏమిటో తెలుసని చదివిన ప్రొఫెసర్‌కి అర్థమవుతుంది. ఆ తర్వాత ఈ యూనివర్సిటీయే ఎందుకన్నదానికి ర్యాంకింగ్ చెప్పకండి, వాళ్ల ర్యాంకు వాళ్లకి తెలుసు. అక్కడ ఏ ల్యాబ్, ఏ కోర్సు మీ పనికి అతుకుతుందో రాయండి. ఒకే ఎస్‌ఓపీని పేరు మార్చి పదిచోట్లకి పంపితే, ఒకచోట పేరు మార్చడం మర్చిపోవడం ఖాయం. పక్క యూనివర్సిటీని పొగిడే ఎస్‌ఓపీలు మాకు ప్రతి సీజన్‌లోనూ వచ్చేవి.

ఏఐ టూల్‌తో రాయించుకోవచ్చా అని తర్వాత అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. వ్యాకరణం సరిచూసుకోవడం వరకు చాలాచోట్ల అభ్యంతరం లేదు, మొత్తం రాయించుకోవడం మీద చాలాచోట్ల నిషేధం ఉంది. ఆ నియమం అప్లికేషన్ ఫారంలోనే ఉంటుంది, కింద సంతకం పెట్టేది మీరు. నిషేధం సంగతి పక్కన పెట్టినా, ఆ టూల్‌కి మీ ప్రాజెక్టు కుప్పకూలిన సంగతి తెలియదు కదా.

రికమండేషన్ లెటర్లు అమెరికాలో సాధారణంగా మూడు, యూరప్‌లో రెండు అడుగుతారు, కొన్ని జర్మన్ కోర్సులు అసలు అడగవు. లెటర్ మీ చేతికి రాదు. మీరు అప్లికేషన్‌లో మీ ప్రొఫెసర్ మెయిల్ ఐడీ ఇస్తే, యూనివర్సిటీ నుంచి ఆయనకి నేరుగా లింకు వెళ్తుంది. ఆ ఐడీ కాలేజీదై ఉండాలి. మామూలు జీమెయిల్ ఐడీ కనిపిస్తే, లెటర్ రాసింది ప్రొఫెసరేనా అని మాకు సందేహం వచ్చేది. పెద్ద హోదా ఉన్న ప్రిన్సిపాల్ 'క్రమశిక్షణ గల విద్యార్థి' అని రాసేదానికంటే, ప్రాజెక్టు గైడ్ చేసిన మామూలు లెక్చరర్ మీరు ఏం చేశారో చెప్పే లెటర్ వందరెట్లు నయం. అడిగేటప్పుడు మీ సీవీ, ప్రాజెక్టు సారాంశం, డెడ్‌లైన్ల పట్టిక ఆయనకి ఇవ్వండి. లింకు స్పామ్‌లో పడి ఉంటుంది, 'సార్, ఒకసారి స్పామ్ కూడా చూస్తారా' అని మర్యాదగా గుర్తు చేయడానికి మొహమాటపడకండి.

కాగితాల దగ్గరికొస్తే, ట్రాన్స్‌క్రిప్టులు (సబ్జెక్టులవారీగా మార్కులు చూపే పత్రాలు), డిగ్రీ సర్టిఫికెట్, పాస్‌పోర్టు. మీరింకా ఆఖరి ఏడాదిలో ఉన్నారు కాబట్టి డిగ్రీ లేకుండానే అప్లై చేయవచ్చు, ఫలితాలు వచ్చాక చూపించాలన్న షరతుతో ఆఫర్ ఇస్తారు. అమెరికాలో అప్లికేషన్ దశలో స్కాన్ కాపీ పెడితే చాలాచోట్ల సరిపోతుంది, సీల్ చేసిన అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్ సీటు వచ్చాకే అడుగుతారు. డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థల దగ్గర డిగ్రీ మూల్యాంకనం చేయించుకోవడం కూడా అంతే, మీ కోర్సు అడిగితేనే చేయించండి. అన్నిటికీ కావాలేమోనని ముందే డబ్బు కట్టేవాళ్లని చూస్తే జాలేస్తుంది. జర్మనీ విషయంలో మాత్రం ముందే కదలాలి. చైనా, వియత్నాం, భారత్ లాంటి కొన్ని దేశాల్లో చదివినవాళ్ల సర్టిఫికెట్లు ఏపీఎస్ అనే విభాగం తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి. భారత్‌లో చదివినవాళ్లకి ఇది 2022 నవంబరు నుంచి స్టూడెంట్ వీసాకి తప్పనిసరైంది, చాలా యూనివర్సిటీలు అప్లికేషన్‌లోనే అడుగుతాయి. దానికి వారాలూ నెలలూ పడుతుంది. పైగా చాలా జర్మన్ యూనివర్సిటీలు నేరుగా కాకుండా యూని-అసిస్ట్ అనే ఉమ్మడి సంస్థ ద్వారా అప్లికేషన్లు తీసుకుంటాయి, మొదటిదానికి 75 యూరోలు, అదే సీజన్‌లో ఆ తర్వాత ఒక్కోదానికీ 30.

పేరు. దయచేసి ఇప్పుడే అన్ని కాగితాలూ బల్ల మీద పరిచి పేరు పోల్చి చూడండి. మార్కుల జాబితాలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, ఇంగ్లీషు పరీక్షలో ముందువెనకలుగా ఉండటం మేం రోజూ చూసేదే. పరీక్షకి రిజిస్టర్ చేసుకునేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉండి రెండోది ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో మొదటి పేరు స్థానంలో 'ఎఫ్ఎన్‌యూ' అని, అంటే మొదటి పేరు తెలియదని పడుతుంది. అక్కడికెళ్లాక బ్యాంకులో, లైసెన్సు ఆఫీసులో అదే పేరుతో పిలిపించుకోవాలి. పాస్‌పోర్టు సవరించుకోవాలంటే అప్లికేషన్లు మొదలుపెట్టకముందే చేయించండి.

ఇప్పుడు డబ్బు, వీసా. 'ముందు బ్యాంకులో డబ్బు చూపించాలి' అన్నారే, ఎక్కువ దేశాల్లో అది సీటు వచ్చాక వచ్చే మాట. అమెరికాలో యూనివర్సిటీ ఐ-20 అనే పత్రం ఇవ్వడానికి మొదటి ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బో, లోనో, స్కాలర్‌షిప్పో చూపమంటుంది. దాని తర్వాత విదేశీ విద్యార్థుల నమోదుకి కట్టే 350 డాలర్ల సెవిస్ ఫీజు, వీసా ఇంటర్వ్యూ. బ్రిటన్‌లో యూనివర్సిటీ సీఏఎస్ అనే నంబరు ఇచ్చాక, కట్టాల్సిన ఫీజు, గరిష్ఠంగా తొమ్మిది నెలల జీవన ఖర్చు కలిపి ఖాతాలో వరుసగా 28 రోజులు ఉండాలి. 27వ రోజు ఏదో అవసరానికి కొంత తీసి అది ఆ మొత్తానికి తగ్గితే, మళ్లీ వేసినా లెక్క మొదటికి వస్తుంది. ఆ 28వ రోజు కూడా మీరు వీసాకి అప్లై చేసే తేదీకి 31 రోజుల లోపు ఉండాలి. జర్మనీ ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేయమంటుంది, అక్కడికెళ్లాక నెలకి 992 చొప్పున మీకే వస్తుంది. కెనడా 2025 సెప్టెంబరు నుంచి జీవన ఖర్చుకి 22,895 కెనడియన్ డాలర్లు చూపమంటోంది, ఫీజు దీనికి అదనం. ఆస్ట్రేలియాలో ఇది 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లు. ఈ అంకెలు తరచూ పెరుగుతుంటాయి కాబట్టి అప్లై చేసే వారంలో ఆ ప్రభుత్వ సైటులోనే మళ్లీ చూడండి, పాత వీడియోల్లో వద్దు.

ఎంత ఉందన్నదానితో పాటు ఎక్కడి నుంచి వచ్చిందన్నదీ వీసా అధికారి చూస్తారు. వీసాకి వారం ముందు ఒక్కసారిగా పెద్ద మొత్తం పడితే, అది అప్పు తెచ్చి చూపించినదేమో అన్న ప్రశ్న వస్తుంది. ఎడ్యుకేషన్ లోన్ అయితే మంజూరు పత్రం, ఆస్తి అమ్మితే ఆ కాగితం దగ్గరుంచుకోండి. అమెరికా ఇంటర్వ్యూలో ఎక్కువ తిరస్కరణలు 214(బి) సెక్షన్ కింద ఉంటాయి, చదువయ్యాక తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదని దానర్థం. ఆస్ట్రేలియా 2024 మార్చి నుంచి నిజమైన విద్యార్థేనా అని తేల్చే ప్రశ్నలకి రాతపూర్వక జవాబులు అడుగుతోంది. ఈ కోర్సే ఎందుకు, ఈ యూనివర్సిటీయే ఎందుకు అన్నవాటికి మీ ఎస్‌ఓపీలో ఒక మాట, వీసా దగ్గర ఇంకో మాట ఉండకూడదు.

దొంగ కాగితాల గురించి మీరు అడగలేదు, కానీ మీ చుట్టూ ఎవరో ఒకరు 'ఎక్స్‌పీరియన్స్ లెటర్ పెట్టేద్దాం' అంటారు. కెనడాలో తప్పుడు సమాచారం తేలితే ఐదేళ్లు, బ్రిటన్‌లో మోసం తేలితే పదేళ్లు రానివ్వరు. అమెరికాలో ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప జీవితాంతం అనర్హతే. ఏజెంటు పెట్టాడు, నాకు తెలియదు అంటే నడవదు, సంతకం మీది. ఏజెంట్ల విషయంలోనూ ఒక మాట. మీ దగ్గర ఫీజు తీసుకోని ఏజెంటుకి డబ్బు వచ్చేది మీరు చేరిన యూనివర్సిటీ నుంచి. అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, మంచివాళ్లూ ఉన్నారు. కాకపోతే కమీషన్ ఇవ్వని యూనివర్సిటీలు వాళ్ల జాబితాలో కనిపించవు, జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీలు సాధారణంగా అలాంటివే. జాబితా మీరు తయారు చేసుకుని, ఫారాలు నింపడానికి కావాలంటే సాయం తీసుకోండి.

టైము చూసుకుంటే మీకు పెద్దగా లేదు. అమెరికాలో ఆగస్టులో మొదలయ్యే కోర్సులకి మంచి డిపార్ట్‌మెంట్ల గడువు ముందటి డిసెంబరులోనే పడుతుంది. జర్మనీలో శీతాకాలం సెమిస్టర్‌కి జూలై 15 అని అందరూ చెప్తారు, కానీ విదేశీ విద్యార్థులకి మార్చి, మే నెలల్లోనే మూసేసే మాస్టర్స్ కోర్సులు చాలా ఉన్నాయి. స్వీడన్ గడువు జనవరి మధ్యలో. స్కాలర్‌షిప్పులు వీటికన్నా ముందుంటాయి, వాటి అర్హతలూ వేరు. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కి 2,800 గంటల ఉద్యోగ అనుభవం ఉండాలి, జర్మనీ సంస్థ డీఏఏడీ ఇచ్చే అభివృద్ధి సంబంధిత కోర్సుల స్కాలర్‌షిప్‌కి రెండేళ్లు. కాబట్టి ఈ రెండూ మీకు ఇప్పుడే కావు, ఉద్యోగం చేశాక చూసుకోవచ్చు. ఈ నెలలోనే క్రెడిట్ల కూడిక, పేరు సవరణ మొదలుపెట్టండి. ఆ వెంటనే ఇంగ్లీషు పరీక్షకి తేదీ తీసుకోండి. రికమండేషన్ ఇచ్చేవాళ్లతో సెలవులకి ముందే మాట్లాడండి. అప్లికేషన్లు ఐదారు చాలు, వాటిలో రెండు మీకు దాదాపు ఖాయంగా వచ్చేవి అయ్యుండాలి. అమెరికాలో స్కాలర్‌షిప్‌తో గానీ, అసిస్టెంట్‌షిప్‌తో (డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తే జీతం ఇచ్చే పద్ధతి) గానీ ఆఫర్ వస్తే ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే వీలు ఇవ్వాలని చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్ల మధ్య ఒప్పందం ఉంది. దానికి సంతకం చేసిన యూనివర్సిటీ అంతకుముందే తేల్చమని ఒత్తిడి చేస్తే మర్యాదగా ఆ మాట గుర్తు చేయండి.

తమ్ముడిది వేరే దారి. బ్రిటన్ అయితే యూకాస్ అనే ఉమ్మడి అప్లికేషన్ సంస్థ దగ్గర ఒకే ఫారం మీద ఐదు కోర్సుల వరకు పెట్టుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, వైద్యం అయితే గడువు అక్టోబరు 15, మిగతావాటిలో ఎక్కువవాటికి జనవరి. 2026లో చేరేవాళ్ల నుంచి పాత వ్యాసం బదులు మూడు ప్రశ్నలకి జవాబులు రాయాలి, అన్నీ కలిపి 4,000 అక్షరాలు దాటకూడదు. అమెరికాలో చాలా కాలేజీల ఉమ్మడి అప్లికేషన్ అయిన కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది, ప్రధాన వ్యాసం 650 పదాల లోపు. బ్యాచిలర్స్ ప్రవేశానికి రాసే ఎస్ఏటీ పరీక్ష విషయంలో జీఆర్‌ఈకి చెప్పిందే వర్తిస్తుంది. ఎంఐటీ 2022లో దాన్ని మళ్లీ తప్పనిసరి చేసింది, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు సీటు నిర్ణయంలో దాన్ని అసలు చూడవు. జర్మనీలో చాలా దేశాల పన్నెండో తరగతి సర్టిఫికెట్ నేరుగా చెల్లదు, ముందు స్టూడియన్‌కొలెగ్ అనే సన్నాహక కోర్సు ఏడాదిపాటు చదివి, దాని పరీక్ష పాసవ్వాలి. ఏ దేశం సర్టిఫికెట్‌కి ఏది వర్తిస్తుందో అనాబిన్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో ఉంటుంది. అక్కడ బ్యాచిలర్స్ కోర్సులు ఎక్కువగా జర్మన్ భాషలోనే ఉంటాయి కాబట్టి, తమ్ముడికి ఆ దేశం మీద మనసుంటే ఎస్ఏటీ కోచింగ్ కన్నా ముందు జర్మన్ క్లాసులో చేర్పించండి.